మనవాడైతే సాక్ష్యం అక్కర్లేదా?

ఇంజినీర్ల దినోత్సవం, అంటే విశ్వేశ్వరయ్య పుట్టినరోజు సెప్టెంబరు 15, దగ్గరపడితే చాలు, బెంగళూరు తెలుగు గ్రూపుల్లో ఆ రైలు మళ్లీ కూత పెడుతుంది. ఇంగ్లిషువాళ్లతో నిండిన పెట్టె, మూలన సాదా బట్టల్లో ఓ నల్లటి మనిషి, ఉన్నట్టుండి ఆయన చైను లాగడం, దిగి చూస్తే ముందు పట్టా విరిగి ఉండటం. ‘ఆయనే మన మోక్షగుండం విశ్వేశ్వరయ్య’ అని ముగింపు, కింద నాలుగు దండాలు. ఏ రైలు, ఏ ఊరి దగ్గర, ఏ సంవత్సరం? ఓ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ మాట అడిగిన రిటైర్డ్ మాస్టారికి వచ్చిన జవాబు: ‘మహానుభావుణ్ణే అనుమానిస్తావా?’ సాయంత్రానికల్లా ఆయన్ను గ్రూపులోంచి తీసేశారు.

ఇదే జనం బెందకాళూరు కథ వింటే నవ్వుతారు. హొయసల రాజు వీరబల్లాలుడు వేటలో దారి తప్పాడని, ఓ ముసలమ్మ ఉడికించిన గింజలు (కన్నడలో ‘బెంద కాళు’) పెట్టిందని, బెంగళూరుకు ఆ పేరే వచ్చిందని కథ. రెండో వీరబల్లాలుడు రాజ్యం చేసింది 1173 నుంచి 1220 వరకు. బెంగళూరులోని బేగూరు గుడిలో ఉన్న శాసనమేమో క్రీ.శ. 890 ప్రాంతానిది, అందులోనే బెంగళూరు యుద్ధం ప్రస్తావన ఉంది. రాజు పుట్టకముందే ఊరికి పేరుందన్నమాట. ఈ సంగతి చెప్పింది కన్నడ పండితులే. దాంతో ఊరి పరువేమీ పోలేదు. మనవాళ్లు ఆ శాసనం ఫొటో పెట్టి మరీ వాదిస్తారు, బేగూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూడా. పక్కవాళ్ల కథకు రాతి శాసనం కావాలి, మన కథకు ఫార్వర్డు చాలు!

పిల్లలకు స్ఫూర్తి కదా, పోనిద్దురూ అనేవాళ్లున్నారు. వాళ్ల ఉద్దేశాన్ని తప్పుపట్టం. కానీ ఏ స్ఫూర్తి? ప్రభుత్వ పనికి ఒక కొవ్వొత్తి, సొంత పనికి ఇంకో కొవ్వొత్తి అంటూ విశ్వేశ్వరయ్య పేరు మీదే తిరిగే కథ తీసుకోండి. అదే దీపాన్ని చాణక్యుడి చేతిలోనూ పెట్టారు, ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ చేతిలోనూ పెట్టారు. మేమూ తక్కువ తినలేదు, ఆ కొవ్వొత్తి మా ఆదివారం పేజీలోనూ ఒకసారి వెలిగింది. ఇక రైలు కథలోని ‘సాదా బట్టల’ మనిషి సంగతి. ఆ మెసేజ్ కిందే అతికించే ఫొటోలో విశ్వేశ్వరయ్య మైసూరు తలపాగాతో, నలగని సూటుతో ఉంటారు. చదివి ఫార్వర్డ్ చేసేవాళ్లు ఫొటో కూడా చూడరా?

అసలు మనిషి ఇంతకంటే పెద్దవాడు. పుణె దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయంలో నీటిమట్టం పెరిగితే వాటంతటవే తెరుచుకునే గేట్లు పెట్టించారు. 1908లో మూసీ హైదరాబాదును ముంచేశాక అక్కడికి వెళ్లి వరద కట్టడికి పథకం వేసిచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అందులోంచి వచ్చినవే. మైసూరు దివానుగా ఉండగా 1913లో బ్యాంకు, 1916లో విశ్వవిద్యాలయం. వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో వాటా ఇచ్చే ఆలోచనతో విభేదించి 1918లో ఆ పదవి వదులుకున్నారు. దీని మీద ఇవాళ కూడా గట్టిగా వాదించుకోవచ్చు. ఏ ఫార్వర్డులోనైనా చూశారా? కనబడదు. వాదన వచ్చే చోట మనకు ‘మనవాడు’ అక్కర్లేదు, దండం పెట్టే చోటే కావాలి.

మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో ‘ఇండియా అంతా తిరిగాను, ఒక్క బిచ్చగాడూ కనబడలేదు’ అన్నాడని ఇంకో ఫార్వర్డు తిరుగుతుంటుంది. ఆ రోజు మెకాలే కలకత్తాలో ఉన్నాడు. మన చదువుల మీద రాసిన నోట్ మీద వేసిన తేదీ అదే. తేదీ ఉంది కాబట్టి ఈ అబద్ధం దొరికిపోయింది. మన రైలుకు ఆ బెంగ కూడా లేదు, తేదీయే వేయలేదు. పూర్వీకుల ఊరు బేస్తవారిపేట దగ్గరి మోక్షగుండం కాబట్టి ఆయన మనవాడు, మనవాడు కాబట్టి కథ నిజం. ఈ లెక్క రేపు పక్క గ్రూపువాళ్లు వాళ్ల వీరుడికి వేస్తే ఏ మొహం పెట్టుకుని ఆధారం అడుగుతాం?

ఇంజినీర్ల దినోత్సవానికి పిల్లల చేత ఉపన్యాసాలు చెప్పించే తెలుగు సంఘాల పెద్దలకు ఒక మాట. ముద్దేనహళ్లి ఇక్కడికి దగ్గరే, ఆయన ఇల్లు మ్యూజియంగా ఉంది. ఒక ఆదివారం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లే ఓపిక మీకు లేదు గానీ, ప్రశ్న అడిగినవాణ్ణి తీసేయడానికి మాత్రం వేలు రెడీగా ఉంటుంది. ముందు ఆ మాస్టారిని తిరిగి గ్రూపులో చేర్చండి.