లెక్క ప్రకారం నడవాలి సార్

తెలుగులో కాలాలు నాలుగని బడిలో చెప్పారు: భూత, భవిష్యత్, వర్తమాన, తద్ధర్మ. ఐదోది ఒకటుంది, వ్యాకరణం రాసినవాళ్ళు ఎందుకో పట్టించుకోలేదు. దాన్ని 'లెక్క కాలం' అందాం. పని జరగలేదు, జరగడం లేదు, జరిగేట్టూ లేదు. లెక్క ప్రకారం మాత్రం ఈపాటికి అయిపోయుండాలి.

గుర్తుపట్టడం తేలికే. 'లెక్క ప్రకారం ఆరింటికి బస్సు ఉంది' అని ఎవరూ అనరు. 'ఉండాలి' అంటారు. ఆ 'ఆలి' చెవినపడగానే మనం మారు మాట్లాడకుండా ఆటో కోసం చూస్తాం.

మనిషి హోదాను బట్టి మాట మారుతుంది. మనబోటివాళ్ళది 'లెక్క ప్రకారం'. ఆఫీసు గుమస్తాది 'రూల్ ప్రకారం అయితే', అంటే ఇంకో ప్రకారం కూడా ఉందని. ఇక ప్రభుత్వాలు 'సూత్రప్రాయంగా' అంగీకరిస్తాయి. మా ఊరి వంతెనకు అలాంటి అంగీకారం వచ్చిందని పేపర్లో చదివి, మా నాన్నగారు పడవవాడికి ఏడాది కిరాయి ముందే ఇచ్చేశారు.

చట్టాలకు ఈ కాలం మరీ ఇష్టం. వరకట్నం 1961 నుంచీ లేదు. లాంఛనాలంటారా, అవి వేరు. 2014 విభజన చట్టం హైదరాబాద్‌ను పదేళ్ళకు మించకుండా ఉమ్మడి రాజధాని చేసింది. ఆంధ్ర సచివాలయం 2016లోనే వెలగపూడికి తరలిపోయింది. అయినా లెక్క ప్రకారం హైదరాబాద్ ఆంధ్రకూ రాజధానే. 2024 జూన్ 2న గడువు తీరిందని వార్త వస్తే, 'అదింకా ఉందా!' అని ఆశ్చర్యపోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఆగిపోయింది. మెకానిక్ కుర్రాడొచ్చి పెట్టె విప్పాడు, ఏదో వైరు లాగాడు, ఊదాడు, మూసేశాడు.

"అయిపోయింది సార్. లెక్క ప్రకారం ఇప్పుడు నడవాలి."

బటన్ నొక్కాను. లైటు వెలిగింది. లిఫ్టు కదల్లేదు.

"నడవాలి సార్," అన్నాడు మళ్ళీ, తప్పంతా లిఫ్టుదే అన్నట్టు. తర్వాత చెయ్యి తుడుచుకుని, ఎనిమిది వందలు అన్నాడు.

"నిజమే తమ్ముడూ, లెక్క ప్రకారం నీకు ఎనిమిది వందలు రావాలి," అన్నాను.

కుర్రాడికి వ్యాకరణం బాగా తెలుసు. మాట్లాడకుండా మళ్ళీ పెట్టె విప్పాడు.