ఆరు నెలలు యాంటీబయోటిక్ ఆపితే రెసిస్టెన్స్ పోతుందన్న మెసేజ్ గురించి

వారం నుంచి మా ఫ్యామిలీ గ్రూపులో, కాలేజీ గ్రూపులో, చివరికి అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: మందులకి లొంగని బాక్టీరియా ఆ శక్తిని, అంటే రెసిస్టెన్స్‌ని, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టలో మోస్తుంది, ఆ మోత వల్ల నెమ్మదిగా పెరుగుతుంది, అందుకని ఆరు నెలలు మందు మానేస్తే అది పోటీలో ఓడిపోతుంది లేదా ప్లాస్మిడ్‌ని పారేస్తుంది, కాబట్టి మిగిలిన మాత్రలు దాచుకుని తర్వాత వాడుకోవచ్చు. చూడ్డానికి సైన్స్ లాగే ఉంది, నాకు భయం వేసింది కూడా అందుకే. మైక్రోబయాలజీ చదువుకున్నదాన్ని కాబట్టి ఒక్కో ముక్కా తీసుకుని చెప్తాను.

"ప్లాస్మిడ్ బాక్టీరియాకి గుదిబండ." కొత్తగా ఎక్కినప్పుడు చాలాసార్లు నిజమే, ఆ డీఎన్ఏని కాపీ చేయాలి, దాని ప్రోటీన్లు తయారుచేయాలి, అదంతా ఖర్చే. కానీ ఆ ఖర్చు ఎప్పటికీ అలాగే ఉండిపోతుందని ఎవరు చెప్పారు? 1988లో బౌమా, లెన్స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ-కొలై అనే పేగుల్లో ఉండే బాక్టీరియాలో ఒక ప్లాస్మిడ్ పెట్టి క్లోరాంఫెనికాల్ మందు సమక్షంలో 500 తరాలు పెంచారు. మొదట్లో ప్లాస్మిడ్ ఉన్నవి వెనకబడేవి, 500 తరాల తర్వాత చూస్తే మందు లేకపోయినా సరే ప్లాస్మిడ్ ఉన్నవే ముందుకెళ్తున్నాయి! మారింది ప్లాస్మిడ్ కాదు, బాక్టీరియా సొంత క్రోమోజోమే దానికి తగ్గట్టు సర్దుకుంది. తర్వాత సూడోమోనాస్ అనే ఇంకో బాక్టీరియాలో కూడా ఇలా భారం తగ్గించే మ్యుటేషన్లు కనిపించాయి. పైగా 500 తరాలంటే మనకి పదివేల ఏళ్ళ మాట గానీ, ల్యాబ్‌లో ఈ-కొలైకి కొన్ని వారాలు చాలు.

"అవసరం లేకపోతే పారేస్తుంది." నాకు ఎక్కువ బాధ అనిపించింది ఈ మాటకే, ఎందుకంటే పారేయాలా వద్దా అని బాక్టీరియా కూర్చుని నిర్ణయించుకోదు, పోగొట్టుకోవడం అనేది కణం రెండుగా విడిపోయేటప్పుడు పొరపాటున జరగాలి అంతే, ఆ పొరపాటు జరగకుండా ప్లాస్మిడ్ తన జాగ్రత్తలు తను తీసుకుంటుంది. కణంలో 20 కాపీలు ఉండి అటూ ఇటూ గాలివాటంగా పడినా, ఒక పిల్ల కణానికి ఒక్కటీ దక్కకపోయే సందర్భం సుమారు 5 లక్షల విభజనల్లో ఒక్కసారి వస్తుంది. మరి రెండు మూడు కాపీలే ఉండేవాటి సంగతేంటి అంటారా, ఆర్1 అనే ప్లాస్మిడ్ పార్-ఎం అనే ప్రోటీన్‌తో దారాల్లాంటివి అల్లి కాపీలని కణం రెండు చివరలకీ నెట్టేస్తుంది. అయినా జారిపోతే ఇంకో ఏర్పాటు ఉంది. ఎఫ్ అనే ఇంకో ప్లాస్మిడ్ విషాన్నీ విరుగుడునీ రెండిటినీ తయారుచేస్తుంది, విషం ఎక్కువకాలం నిలుస్తుంది, విరుగుడు త్వరగా కరిగిపోతుంది, ప్లాస్మిడ్ ఉన్నంతసేపూ విరుగుడు వస్తూనే ఉంటుంది, అది దక్కని పిల్ల కణంలో మాత్రం విషం ఒక్కటే మిగులుతుంది. ఆ విషం పట్టుకునేది గైరేజ్ అనే ఎంజైమ్‌ని, మనం వేసుకునే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ దెబ్బకొట్టేది కూడా దాన్నే. జన్యువులని కాపీ చేయడానికి ల్యాబ్‌లో వాడే క్లోనింగ్ ప్లాస్మిడ్లు మందు లేకుండా పెంచితే తగ్గిపోతాయి, అది మేమూ చూశాం, కానీ వాటిలో ఈ ఏర్పాట్లు చాలావరకు ఉండవు, వాటిని చూసి బయటివి కూడా అంతే అనుకుంటే ఎలా?

"పోటీలో ఓడిపోతుంది." పక్క కణానికి అంటుకోలేని ప్లాస్మిడ్లకైతే ఆ లెక్క కొంత సరిపోతుంది. చాలా ప్లాస్మిడ్లు కాంజుగేషన్‌తో ఒక కణం నుంచి ఇంకో కణంలోకి కాపీ అవుతాయి. అంటుకునే వేగం బాగా ఉంటే భారం ఉన్నా, అప్పుడప్పుడూ జారిపోయినా నిలబడతాయని స్టూవర్ట్, లెవిన్ అనే శాస్త్రవేత్తలు 1977లోనే లెక్కగట్టారు, మందు లేకుండానే అలా నిలబడటం 2017లో ప్రయోగంలోనూ చూపించారు.

"మందు ఆపితే ఇంక ఉండటానికి కారణమే లేదు." ఒక్క ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందులకి, ఒక్కోసారి పాదరసం, రాగి లాంటి లోహాలకి కూడా రెసిస్టెన్స్ జన్యువులు పక్కపక్కనే ఉంటాయి. మీరు ఒక మందు మానినా ఇంకొకటి ఆ మొత్తాన్నీ కాపాడుతుంది. మన పటాన్‌చెరు దగ్గర శుద్ధి చేసి వదిలిన మందుల ఫ్యాక్టరీల నీళ్ళలోనే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో బయటపెట్టారు. మీరు ఇంట్లో మాత్ర మానేస్తే ఆ నీళ్ళలో ఉన్న బాక్టీరియాకి తెలుస్తుందా?

ఇక ఆరు నెలల గడువు. బ్రిటన్‌లో సల్ఫా అనే పాత రకం యాంటీబయోటిక్ మందుల ప్రిస్క్రిప్షన్లు 1991లో ఏడాదికి 3,20,000 ఉంటే 1999కి 7,000కి పడిపోయాయి. లండన్‌లో ఒక ఆసుపత్రి ఈ-కొలైలో సల్ఫా రెసిస్టెన్స్ ఆ ఎనిమిదేళ్ళలో 39.7 శాతం నుంచి 46 శాతానికి వెళ్ళింది. తగ్గకపోగా పెరిగింది! ఆ జన్యువులు ఎక్కువగా వేరే రెసిస్టెన్స్‌లతో కలిసి ప్లాస్మిడ్ల మీదే ఉన్నాయి.

అలాగని వాడకం తగ్గించడం దండగ అనట్లేదు. చైనా 2017లో పశువుల దాణాలో కోలిస్టిన్ అనే యాంటీబయోటిక్ ఆపాక, ప్లాస్మిడ్ మీద ఉండి దానికి రెసిస్టెన్స్ ఇచ్చే ఎంసీఆర్-1 జన్యువు పందుల్లోనూ మనుషుల్లోనూ బాగా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. మన దేశం కూడా 2019లో ఆహారం కోసం పెంచే జంతువుల్లో కోలిస్టిన్‌ని నిషేధించింది, మంచి పని. కానీ అది దేశం మొత్తం మీద చేసే పని, ఒక మనిషి ఇంట్లో మాత్రలు దాచుకుని గ్యాప్ ఇవ్వడం వేరు. మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటిది మళ్ళీ వస్తే ఆ దాచిన మాత్ర వేసుకోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళి కల్చర్ టెస్ట్ గురించి అడగండి, రెండు మూడు రోజుల్లో ఏ మందు పనిచేస్తుందో ఏది చేయదో పేర్లతో సహా రిపోర్ట్ వస్తుంది.