మహారాజశ్రీ 1:87 గారికి

మహారాజశ్రీ బొమ్మ రైళ్ల స్కేలు ఒకటికి ఎనభై ఏడు గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు మా డైనింగ్ టేబుల్‌ను, దాని పక్క గోడను, బాల్కనీ తలుపును (ఇప్పుడది తెరుచుకోదు) ఆక్రమించుకుని హాయిగానే ఉన్నారు కాబట్టి తమరి క్షేమం అడగడం లేదు.

ఎంత పెద్ద రైలునైనా ఎనభై ఏడో వంతుకు కుదించి ఇంట్లో పెట్టుకోవచ్చన్న తమరి మాట నమ్మే ఈ హాబీలోకి దిగాను. తమరి పుట్టుకే కలగాపులగమని తర్వాత తెలిసింది. అసలు రైల్లో అడుగు ఉన్నది బొమ్మ రైల్లో మూడున్నర మిల్లీమీటర్లట! అడుగుకూ మిల్లీమీటరుకూ ముడేస్తే తమరు పుట్టారు. అదీ సరిగ్గా 87 కాదు, 87.1 దాకా వస్తుంది. అలాంటి తమరు, నేను కడుతున్న కొండపల్లి స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ అంచు ఒక్క మిల్లీమీటరు జరిగితే చాలు, నాకు నిద్ర పట్టనివ్వరు.

సరే, కుదించారు. చెన్నై పెట్టెల ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) వాళ్ల 21 మీటర్ల పాత నీలం పెట్టె పాతిక సెంటీమీటర్లలోపు ఇమిడింది. ధరను మాత్రం 87తో భాగించడం మరిచిపోయారు. దుమ్మునూ వదిలేశారు. మిల్లీమీటరులో పదో వంతు ఉండే రేణువు తమరి లెక్కలో దాదాపు తొమ్మిది మిల్లీమీటర్ల రాయి. పట్టాల నుంచి చక్రాల ద్వారా కరెంటు తీసుకునే ఇంజిన్ దాని దగ్గరికి రాగానే ఠక్కున ఆగిపోతుంది. ఫ్యాన్ వేస్తే దుమ్ము, ఆపితే చెమట. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో నేను పట్టాలు తుడుస్తుంటే, మా ఆవిడ "వంటగట్టు కూడా ఇంత శ్రద్ధగా..." అని మొదలుపెట్టి, మిగతాది నాకే వదిలేస్తుంది.

బల్లి సంగతి వేరే చెప్పాలా? పన్నెండు సెంటీమీటర్ల బల్లి తమరి లోకంలో పది మీటర్ల జంతువు. రోజూ సాయంత్రం స్టేషన్ కప్పు మీదే కూర్చుంటుంది. కింద స్టేషన్ మాస్టర్ ఎత్తు రెండు సెంటీమీటర్లు. పాపం, ఆయన జెండా పట్టుకుని అలాగే నిలబడి ఉంటాడు.

రాజమండ్రి ఆర్చి బ్రిడ్జి కూడా కట్టాలని ఆశపడ్డాను. అసలుది 2.7 కిలోమీటర్ల పైచిలుకు. తమరి దయతో 31 మీటర్లకు దిగింది, అంటే పక్క రెండు ఫ్లాట్ల గోడలు పగలగొడితే చాలు. 28 ఆర్చీల్లో ఒక్కటి కట్టాను, అదే మీటరు దాటింది. మా గోదావరిలో ఒక్క ఆర్చీ దాటగానే బీరువా వస్తుంది.

ఇవన్నీ భరించాను. కానీ పోయిన ఆదివారం మా బాబాయి వచ్చాడు. రైల్వేలో పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. ఇంజిన్ను చూడలేదు, రంగు చూడలేదు, వంగి మలుపు చూశాడు.

"దీని రేడియస్ ఎంతరా?"

"నలభై అయిదు సెంటీమీటర్లు, బాబాయ్."

వేళ్ల మీద లెక్కేసి, "నలభై మీటర్లు కూడా లేదు. బ్రాడ్‌గేజ్‌లో 175కి తగ్గితే ఒప్పుకోరు" అన్నాడు. ఆ లెక్కన నాకు రెండు మీటర్ల రేడియస్ కావాలి, బండి వెనక్కి తిరగాలంటే నాలుగు మీటర్ల వెడల్పు. మా హాలే మూడున్నర. అంతటితో ఆగితే ఆయన బాబాయి ఎందుకవుతాడు? జేబులోంచి టేపు తీసి పట్టాల మధ్య దూరం కొలిచాడు. పదహారున్నర మిల్లీమీటర్లు.

"ఇది బ్రాడ్‌గేజ్ కాదురా. పెంచి చూస్తే 1435 వస్తుంది, హైదరాబాద్ మెట్రో గేజు. మనది 1676 కదా!"

అయ్యా, దీనికేమంటారు? మన గేజుకు పంతొమ్మిది మిల్లీమీటర్ల పైన ఉండాలి. పొడవులో కచ్చితం, ఎత్తులో కచ్చితం, కిటికీ ఊచల్లో కచ్చితం, తీరా పట్టాల దగ్గరకొచ్చేసరికి పరాయి దేశపు కొలతా? నా గూడ్సు బండి ఇన్నాళ్లూ మెట్రో లైన్లో నడుస్తోందన్నమాట. బాబాయి వెళ్తూ వెళ్తూ "పర్లేదులే, బొమ్మే కదా" అన్నాడు. ఆ ఓదార్పు కంటే తిట్టినా బాగుండేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దసరా దగ్గర పడింది. ఈసారి బొమ్మల కొలువు నా బొమ్మ రైలు లేఅవుట్ మీదే పెట్టాలని అమ్మ తీర్మానించింది. స్టేషన్ పేరు కొండపల్లి కాబట్టి కొండపల్లి బొమ్మలు అక్కడే ఉండాలని ఆమె వాదన. దానికి జవాబు నా దగ్గర లేదు. నిన్ననే తెల్లపొణికి చెక్కతో చేసిన అంబారీ ఏనుగు ఒకటో నంబరు ప్లాట్‌ఫామ్ మీదకు వచ్చేసింది. లెక్కేస్తే పదిహేడు మీటర్ల ఎత్తు. దాని పక్కన కల్లుగీత బొమ్మ. అందులో తాటిచెట్టు ఒక్కటే తమరి లెక్కకు చక్కగా కుదిరింది. దాన్ని ఎక్కుతున్న మనిషి మాత్రం ఎనిమిది మీటర్లున్నాడు.

పేరంటాళ్లు వచ్చినప్పుడు రైలు ఆ ఏనుగు చుట్టూ తిరగాలట, కూత కూడా వేయాలట. దీనికి తమరి అనుమతి అడుగుదామనుకున్నాను. అమ్మ అక్కర్లేదంది.

ఇట్లు,
తమరి విధేయుడు,
కొండపల్లి స్టేషన్ (బల్లి లేని వేళల్లో)