బిల్డు రొట్టె

కోడును ప్రోగ్రాముగా తయారుచేసే (అదే బిల్డు) యంత్రాల పెత్తనం మీద నెల్లూరు నుంచి ఒక్క గొంతైనా లేవాలి కదా అని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పగలు నాది లెక్కలు రాసే ఉద్యోగం. రాత్రిళ్లు, తెలుగు పదాలను అకారాది క్రమంలో పేర్చే ఒక చిన్న ప్రోగ్రామును డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో నిర్వాహకుడిగా జీతం లేకుండా చూసుకుంటాను. వెనకటికి ఈ పనిలో ఎంత దర్జా ఉండేదో! ల్యాప్‌టాప్ మీద కోడును కంపైల్ చేసి, అంటే యంత్ర భాషలోకి మార్చి, తయారైన బైనరీని పంపేసి, హాయిగా పడుకునేవాణ్ని. ఎవరైనా పనిచేయడం లేదంటే "మా ఇంట్లో బాగానే పనిచేస్తోందే" అనేవాణ్ని. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. 2019లో బస్టర్ అనే డెబియన్ వెర్షన్ విడుదలయ్యాక ఆ వైభోగానికి నీళ్లు వదిలాను. ఇంట్లో వండి తెచ్చిన బైనరీ ఇకమీదట టెస్టింగ్ (తర్వాతి విడుదలకు సిద్ధమయ్యే విభాగం) గడప తొక్కరాదట. సరుకు, అంటే కోడు, మాత్రం పంపు, వంట మా పొయ్యి మీదే అన్నారు.

ఆ పొయ్యి ఒకటైతే సర్దుకుపోయేవాణ్ని. ఇంటెల్, ఆర్మ్, రిస్క్-ఫైవ్ రకం చిప్పులు, ఆఖరికి ఐబీఎం వారి భారీ కంప్యూటర్ మెయిన్‌ఫ్రేమ్ కూడా ఉంది. ట్రంకు రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచినా దాన్ని కళ్లారా చూసినవాడు ఒక్కడు తగలడు. అయినా నేను దానికి జవాబుదారీ. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాసినట్టు, అది సంఖ్యలోని పెద్ద విలువ గల ముక్కను (బైటును) ముందు రాసుకుంటుంది. నా ల్యాప్‌టాప్ ఇంగ్లీషువాళ్లలా ఇంటిపేరును చివరికి నెడుతుంది. ఈ తేడా నేను పట్టించుకోలేదు. దాంతో అక్కడ 'అమ్మ' పోయి 'ఱంపం' తర్వాత కూర్చుంది. మిగతా యంత్రాలన్నీ సరేనన్నా, ఈ ఒక్కటి కాదంటే కొత్త వెర్షన్ ముందుకు కదలదు.

అర్ధరాత్రి ఫోను మోగితే మా ఆవిడ లేచింది.

"ఈ వేళప్పుడు ఎవరండీ?"

"మెయిన్‌ఫ్రేమ్."

"జీతం ఇస్తుందా?"

"ఇవ్వదు."

"మరి లేపే హక్కు దానికెక్కడిది?"

నిర్వాహకుల హక్కుల గురించి ఇంత సూటిగా అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

నెల్లూరు చేపల పులుసు మర్నాటికి రుచి పెరుగుతుంది. బిల్డు సంగతి అలా కాదు, ముట్టుకోకపోయినా పాడవుతుంది. నేను అక్షరం మార్చలేదు. నిన్నటిదాకా ప్రకటించని ఫంక్షన్‌ను పిలిస్తే చిన్న హెచ్చరికతో సరిపెట్టిన కంపైలర్, 2024లో జీసీసీ 14 అనే దాని కొత్త వెర్షన్ వచ్చేసరికి అదే నేరమంది. సరిచేయకపోతే ప్యాకేజీని టెస్టింగ్ నుంచి తీసేస్తామని తాఖీదు. దాన్ని పంపిందీ యంత్రమే.

యంత్రం కాపలా లేకపోతే దొంగలు పడతారని కొందరు వాదిస్తారు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లను కుదించే ప్రోగ్రాము ఉదంతమే దానికి జవాబు. సాయం చేస్తానని వచ్చిన వ్యక్తి రెండేళ్లకు పైగా నమ్మకంగా మసలి, విడుదల కట్టలోని బిల్డు స్క్రిప్టులో విషం కలిపాడు. అందరూ చూసే గిట్ అనే కోడు భండారంలో ఆ ముక్క లేదు. యంత్రాలు దాన్ని చెప్పినది చెప్పినట్టు వండి, వేడివేడిగా వడ్డించాయి. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మనిషి. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆయనకు అనుమానం వచ్చింది. ఆర్టీసీ బస్సు గంట ఆలస్యమైనా మనం అడగం, ఆయన అర సెకనుకు అడిగాడు.

అందుచేత నా ప్రతిపాదన ఇది. ఏటా మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె. కోరుకున్నవాళ్లు తీసుకుంటారు, కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడాది తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఆ వరుసలో బిల్డు రొట్టె కూడా ఒకటి చేర్చాలి. మా వ్యాపారంలో రొట్టె తీసుకున్న చేయి మళ్లీ చెరువు వైపు రాదు. పైగా రొట్టె గురించి సంజాయిషీ అడుగుతుంది. 2022 జనవరిలో కర్ల్ అనే ఉచిత డేటా బదిలీ ప్రోగ్రాము నిర్వాహకుడు డేనియల్ స్టెన్‌బర్గ్‌కు ఒక పెద్ద కంపెనీ, లాగ్4జె అనే వేరే ప్రోగ్రాములోని లోపం గురించి 24 గంటల్లో జవాబివ్వమని రాసింది. కర్ల్‌లో లాగ్4జె లేనే లేదు, ఆ కంపెనీతో ఆయనకు ఒప్పందమూ లేదు. చపాతీలు పంచేవాణ్ని పట్టుకుని పులుసులో ఉప్పెక్కువైందని నిలదీసినట్టుంది.

ఈ ప్రతిపాదన మా ఆవిడకు చదివి వినిపించాను. బిల్డు సంగతి తర్వాత, ఈసారి చెరువుకు వెళ్తే నిద్ర రొట్టె ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమంది.