మామగారు వచ్చి వెళ్లారు

మాకు దగ్గర్లో ఉన్న చిన్న ఎయిర్‌పోర్టును తిట్టే హక్కు మాకు మాత్రమే ఉంది. దాన్ని మేం గోడౌన్ అంటాం, బస్ షెల్టర్ అంటాం, రాత్రి ఆఖరి విమానం వెళ్లాక రన్‌వేకి తాళం వేసి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్తారని కూడా అంటాం. అదే మాట బయటివాళ్లు అంటే ఊరుకోం. "మీకేం తెలుసండీ, కారు దిగిన దగ్గర్నుంచి గేటు దాకా 140 అడుగులు, లెక్కపెట్టాను" అని మీదికి వెళ్తాం.

నేను నిజంగానే లెక్కపెట్టాను. రెండుసార్లు. రెండోసారి సూట్‌కేసు చక్రం ఒకటి మొరాయించడం వల్ల 152 వచ్చాయి గానీ, ఆ లెక్క బయట చెప్పను.

ఈ పౌరుషమే నా కొంప ముంచింది.

మా మామగారు పెద్ద పెద్ద ఎయిర్‌పోర్టులకు అలవాటుపడ్డ మనిషి. ఆయన దృష్టిలో ఎయిర్‌పోర్టు అంటే లోపల రైలు తిరగాలి, నేల దానంతటది నడవాలి, గేటు నంబరుకు కనీసం రెండంకెలు ఉండాలి. మా ఇంటికి వస్తానన్నప్పుడు ఆయన వేసుకున్న పథకం ఏమిటంటే, పెద్ద ఎయిర్‌పోర్టులో దిగి అక్కణ్నుంచి నాలుగు గంటలు కారులో రావడం. నేను అడ్డుపడ్డాను. నేరుగా మా దగ్గరికే విమానం ఉండగా ఆ అవస్థ దేనికన్నాను.

"మీ దగ్గర గేట్లెన్ని అల్లుడుగారూ?"

"రెండండీ." రెండు తలుపులూ ఒకే చోటికి తెరుచుకుంటాయన్న సంగతి చెప్పలేదు.

"రన్‌వేలు?"

"ఒక్కటే గానీ, దానికి పేర్లు రెండండీ."

ఇందులో అబద్ధం లేదు. రన్‌వే ఏ దిక్కుకు పోతుందో దిక్సూచి డిగ్రీల్లో చూసి, చివరి సున్నా తీసేసి అంకె వేస్తారు. తూర్పుకు 90 డిగ్రీలు కాబట్టి అటు పరిగెత్తితే 09. అదే దారిలో పడమరకు పరిగెత్తితే 27. ఇదంతా నేను ఉత్సాహంగా వివరిస్తే ఆయన శ్రద్ధగా విని, "అయితే మాదీ ఒక వీధి కాదన్నమాట, రెండు వీధులు" అన్నారు.

నేను తగ్గలేదు. స్కాట్లాండ్‌లో బారా అనే దీవి ఉందనీ, అక్కడ విమానాలు సముద్రపు ఒడ్డున ఇసుక మీదే దిగుతాయనీ, పోటు వస్తే రన్‌వే మునిగిపోతుంది కాబట్టి టైంటేబుల్ ఆటుపోట్లను చూసి వేస్తారనీ చెప్పాను. కరీబియన్‌లో సాబా అనే దీవి ఉంది, దాని రన్‌వే పొడవు 400 మీటర్లే, వాళ్లు బతకట్లేదా అన్నాను.

"వాళ్లు చల్లగా ఉండనీండి. నన్ను మాత్రం నీళ్లలో దింపకండి" అని ఆయన ఒప్పుకున్నారు.

టికెట్ తీశాక వెబ్ చెకిన్ కూడా నేనే చేశాను. మామగారికి పెళ్లిలోనైనా, సభలోనైనా మొదటి వరుసే కావాలి. సీట్ల పటం తెరవగానే మొదటి వరుసలో కుడివైపు కిటికీ సీటు ఖాళీగా కనిపించింది. లాటరీ తగిలినట్టు నొక్కేశాను. మా ఆవిడ కూడా ఆ ఒక్కరోజు నన్ను మెచ్చుకుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి నాకు తట్టలేదు. మా దగ్గరికొచ్చేది ఏటీఆర్ 72. ప్రొపెల్లర్ల విమానం, 70 మందికి పైగా పడతారు. దాంట్లో జనం ఎక్కే తలుపు తోక దగ్గరుంటుంది. ముందు భాగంలో ఉండేది సామాన్ల గది. అంటే మొదటి వరుస అనేది అక్షరాలా ఆఖరి వరుస. దాని పక్కనే సూట్‌కేసులు, కాస్త వెనకాలే ప్రొపెల్లర్ల మోత. మామగారిని నేను ఎంతో గౌరవంగా సామాన్ల పక్కన కూర్చోబెట్టానన్నమాట.

ఆ రోజు తెల్లవారుజామున నేను బయల్దేరబోతుంటే మా ఆవిడ గుమ్మంలోంచి కేకేసింది. "ఏమండీ, మేడ మీద ట్యాంకు మూత పెట్టి వెళ్లండి. నాన్న చూశారంటే వచ్చినన్నాళ్లూ అదే మాట." మూడు వారాలుగా పెడతానంటున్న మూత అది. వచ్చాక పెడతానన్నాను. బయట పొగమంచు కమ్మి ఉంది. ఎదురుగా గేటు కూడా కనిపించక, లైట్లు వేసుకుని కారు నడుపుకుంటూ వెళ్లాను. పార్కింగులో కారు ఆపుతుండగానే మామగారి ఫోను.

"అల్లుడుగారూ, విమానం దగ్గర నిలబడ్డాను. తోక కింద కర్ర పెట్టారేమిటి?"

"అది టెయిల్ స్టాండ్ అండీ. అందరూ వెనకనుంచే ఎక్కుతారు కదా, బరువంతా ఒక్కసారిగా తోక మీద పడి ముందు భాగం పైకి లేవకుండా ఆసరా."

"ఆసరా లేకుండా నిలబడలేనిది ఎగురుతుందంటారా?"

సమాధానం వెతుక్కునేలోపు ఫోను పెట్టేశారు. కారు తాళం వేసి, నా 140 అడుగులు నడిచి, లోపలికి వెళ్లి కూర్చున్నాక మళ్లీ చేశారు. ఈసారి గొంతు తగ్గించి, పక్కవాళ్లకు వినబడకూడదన్నట్టు మాట్లాడారు.

"కుడివైపు ఇంజిన్ మోగుతోంది, ప్రొపెల్లర్ తిరగట్లేదు. పిల్లలెవరికైనా చెప్పమంటారా?" ఎయిర్‌హోస్టెస్‌లను ఆయన పిల్లలనే అంటారు.

దీనికి నా దగ్గర జవాబుంది. పెద్ద విమానాల్లో నేల మీద ఉన్నప్పుడు కరెంటూ, ఏసీ నడపడానికి తోకలో ఏపీయూ అని ఒక చిన్న ఇంజిన్ ఉంటుంది. ఏటీఆర్‌కి అది లేదు. అందుకని కుడి ఇంజిన్నే నడుపుతూ దాని ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి ఉంచుతారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు.

"హోటలా?"

"పేరండీ, పేరు మాత్రమే."

"నేను దిగాలా, ఉండాలా, అది చెప్పండి."

ఉండమన్నాను. ఫోన్లు ఆపమంటున్నారని ఆపేశారు.

మా ఎయిర్‌పోర్టు హాల్లో ఒకాయన ఉంటారు. కౌంటర్లో టైతో కూర్చుని బోర్డింగ్ పాస్ ఇచ్చేదీ ఆయనే, కాసేపటికి మైకులో వినిపించే గొంతూ ఆయనదే, ఆ తర్వాత పసుపు జాకెట్ తొడుక్కుని విమానం దగ్గర కనిపించేదీ ఆయనే. మిగతా సిబ్బంది లేరని కాదు, ఉన్నారు. కానీ మాలాంటివాళ్లకు ఎయిర్‌పోర్టంటే ఆయన. ఇంతకుముందొకసారి నేను ఆలస్యంగా వెళ్లి, కౌంటర్లో ఎవరూ లేకపోతే ఆయన్ని వెతుక్కుంటూ గేటు దాకా పరిగెత్తాను. అక్కడ ఆయన నన్ను చూసి, పాపం, జాకెట్ విప్పి మళ్లీ కౌంటర్‌కి వచ్చి, టై సరిచేసుకుని, "కౌంటర్ మూసేశామండీ" అని చెప్పారు.

వచ్చిన విమానమే తిరిగి వెళ్లాలి కాబట్టి హాల్లో దిగేవాళ్ల కోసం వచ్చినవాళ్లమూ, ఎక్కాల్సినవాళ్లూ కలిసే ఎదురుచూస్తాం. ఒకాయన ఫోన్లో విమానం బొమ్మ కదిలే యాప్ తెరిచి పెట్టుకున్నారు. చుట్టూ పదిమంది చేరి చూస్తున్నాం. బొమ్మ వస్తోంది, వస్తోంది, మా మీదికే వస్తోంది. అంతలో నిజంగానే ఆకాశంలో చప్పుడు వినిపించింది. అందరం లేచాం. ఎవరో ఉత్సాహవంతులు సామాన్ల బెల్టు కూడా ఆన్ చేశారు.

చప్పుడు కుడివైపు నుంచి వచ్చింది. నెత్తి మీదుగా వెళ్లింది. ఎడమవైపు తగ్గిపోయింది.

బెల్టు మాత్రం తిరుగుతూనే ఉంది. దాని మీద ఎవరో ఎప్పుడో వదిలేసి వెళ్లిన నల్ల గొడుగు ఒకటి, రబ్బరు తెరల్లోంచి వచ్చి, మా ముందునుంచి దర్జాగా సాగి, మళ్లీ తెరల్లోకి వెళ్లిపోతోంది. పెళ్లికొడుకు ఊరేగింపును చూసినట్టు దాన్నే చూస్తూ నిలబడ్డాం.

పావుగంటకు మళ్లీ చప్పుడు. ఈసారి ఇంకాస్త కిందినుంచి వినిపించింది. మళ్లీ లేచాం, మళ్లీ కూర్చున్నాం. యాప్‌లో బొమ్మ గానుగెద్దులా కోడిగుడ్డు ఆకారంలో తిరగడం మొదలుపెట్టింది. గొడుగు ఇక్కడ, మామగారు అక్కడ.

"పైన నీలం ఆకాశం కనిపిస్తుంటే దిగడానికేం రోగం?" అన్నారు ఒకరు. నాకూ అదే అనుమానం. పసుపు జాకెట్ ఆయన వచ్చి చెప్పారు. పొగమంచు పొర పల్చగా ఉంటే నిట్టనిలువుగా చూసినప్పుడు అంతా కనిపిస్తుందట. విమానం దిగేది ఏటవాలుగా కదా, అప్పుడు చూపు ఆ పొరలో ఎంతో దూరం అడ్డంగా పోవాలి, తెల్లగా తప్ప ఏమీ కనిపించదు. పెద్దచోట్ల ఐఎల్ఎస్ అనే రేడియో సంకేతాల ఏర్పాటు ఉంటుంది. అది విమానాన్ని రన్‌వే గడప దాకా చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. మా దగ్గర అది లేదు. పైలట్ ఒక ఎత్తు వరకు దిగాలి, అప్పటికీ రన్‌వే కంటికి కనిపించకపోతే మారుమాట లేకుండా పైకి లేచిపోవాలి.

వివరణ అయ్యాక ఆయన కౌంటర్‌కి వెళ్లి, మైకు తీసుకుని, మాకు ఇప్పుడే చెప్పినదాన్ని రెండు భాషల్లో మళ్లీ చెప్పారు. విమానం బయల్దేరిన చోటికే తిరిగి వెళ్తోందన్నది మాత్రం అందులో కొత్త విషయం.

ఇక హాలు లేచింది. ఎక్కాల్సినవాళ్లలో ఒకాయన, మా వైపువారు కాదని మాటలోనే తెలుస్తోంది, "దండగ ఎయిర్‌పోర్టు" అన్నారు. అప్పటిదాకా అంతకన్నా ఘోరంగా తిడుతున్న మేమంతా ఒక్కసారిగా ఆయనవైపు తిరిగాం. నాకు అమెరికాలోని సూ సిటీ గుర్తొచ్చింది. ఆ ఎయిర్‌పోర్టుకు వచ్చిన మూడక్షరాల కోడ్ ఎస్‌యూఎక్స్. గట్టిగా 'సక్స్' అని చదివితే అక్కడి వాడుకలో 'పరమ దండగ' అన్నట్టే వినిపిస్తుంది. మార్చమని అడిగి చూశారు, లాభం లేకపోయింది. చివరికి ఆ అక్షరాలనే టీషర్టుల మీద అచ్చువేసి అమ్ముకున్నారు. ఈ కథ ఆయనకు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "టీషర్టు వేసుకుంటే ఎగురుతామా?" అన్నారు. ఎందుకో మామగారే గుర్తొచ్చారు.

నేను అక్కడే కూర్చున్నాను. ఇంటికి వెళ్లి మా ఆవిడకు ఏం చెప్పాలి? మీ నాన్న వచ్చారు, కానీ దిగలేదు. ఆయన ఫోను మోగేదాకా కదలకూడదనుకున్నాను. గంట దాటాక మోగింది.

"దిగాను అల్లుడుగారూ."

"ఎక్కడండీ?"

"ఎక్కినచోటే."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే మొదలుపెట్టారు. "మీ ఎయిర్‌పోర్టు బాగుంది. పైనుంచి చూశాను కదా, ముచ్చటగా ఉంది. మీ రన్‌వే కనిపించింది, రెండు పేర్లూ కనిపించాయి. నాకు ఇంత బాగా కనిపిస్తుంటే ఆ పైలట్‌కేమైందని అడిగితే, ఆ పిల్ల నవ్వి బెల్టు పెట్టుకోమంది. అన్నట్టు, పార్కింగులో ఒక కారు లైట్లు వెలుగుతున్నాయి. ఎవరో బుద్ధిలేనివాళ్లు ఆర్పడం మరిచిపోయినట్టున్నారు. కాస్త చెప్పండి."

140 అడుగులూ పరిగెత్తాను. అప్పటికి ఎండ కాస్తోంది. మంచు ఎప్పుడు విడిపోయిందో, ఆకాశం అద్దంలా ఉంది. ఏ విమానమైనా కళ్లు మూసుకుని దిగొచ్చు. నా కారు లైట్లు అప్పటికే ఆరిపోయి ఉన్నాయి. తాళంచెవి తిప్పితే బండి ఒక్కసారి టక్కుమని ఊరుకుంది. నాది పాతబండి, తనంతట తాను లైట్లు ఆర్పుకునే తెలివి దానికి లేదు.

వెనక్కి చూస్తే పసుపు జాకెట్ ఆయన వస్తున్నారు. ఇంకో నలుగురిని కూడా పిలుచుకొచ్చారు. అందులో 'దండగ ఎయిర్‌పోర్టు' పెద్దమనిషి కూడా ఉన్నారు. "ఎలాగూ ఎక్కడికీ వెళ్లేది లేదు కదండీ" అంటూ చొక్కా చేతులు మడిచి డిక్కీ మీద రెండు చేతులూ వేశారు. పసుపు జాకెట్ ఆయన అలవాటు కొద్దీ ఒక చెయ్యి పైకెత్తి, ఎడమకి, ఎడమకి అని నాకు సైగ చేస్తున్నారు. కారు కదిలింది. రెండో గేరు వేసి క్లచ్ వదిలితే రెండుమూడు కుదుపులిచ్చి అందుకుంది. వెనకాల చప్పట్లు. ఆ పూట ఆ ఎయిర్‌పోర్టులో బయల్దేరినది నేనొక్కడినే.

సందు మలుపు తిరుగుతుంటే మళ్లీ ఫోను. ఇంజిన్ ఆగిపోతుందేమోనని భయపడుతూనే బండి పక్కకు తీసి, ఆపకుండా, ఎత్తాను.

"రేపటి విమానానికి మార్చి ఇచ్చారు. ఈసారి చివరి వరుస తీసుకోండి."

"అలాగేనండీ."

"ఇంకొకటి. మీ మేడ మీద నీలం ట్యాంకు ఉంది చూశారూ, దాని మూత తీసి ఉంది."