వర్షారణ్యాల మట్టిలో సారం లేదా? ఆ మాట అడవికే చేటు

"పైకి ఎంత పచ్చగా ఉన్నా వర్షారణ్యాల మట్టిలో సారం ఉండదు, పోషకాలన్నీ చెట్లలోనే ఉంటాయి." బడి పాఠాల దగ్గర్నుంచి డాక్యుమెంటరీల దాకా ఇదే పాట. పూర్తిగా తప్పని అనను గానీ, అమెజాన్‌నీ కాంగోనీ జావానీ బోర్నియోనీ ఒకే గాటన కట్టేసే ఈ మాట చివరికి అడవిని కాపాడాలనుకునేవాళ్లకే ఎదురు తిరుగుతోంది.

ముందు ఆ పేరుపడ్డ పేద నేల సంగతి చూద్దాం. మధ్య, తూర్పు అమెజాన్‌లో చాలాచోట్ల ఉన్నది బాగా ముసలి మట్టి. లక్షల ఏళ్లుగా వేడికీ వానకీ నాని నాని అందులోని కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, చివరికి సిలికా కూడా చాలావరకు కరిగి పోయాయి. మిగిలింది కయోలినైట్ అనే బంకమన్ను, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు. మట్టికి ఆ ఎరుపు, పసుపు రంగులు ఇనుము వల్లే. ఉన్న కాస్త భాస్వరాన్ని కూడా ఈ ఆక్సైడ్లు పట్టుకుని ఓ పట్టాన వదలవు.

విచిత్రం ఏంటంటే సారం లేకపోయినా ఈ నేల కట్టుబడి మాత్రం చాలా బాగుంటుంది. బంకమన్ను 80 శాతం ఉన్న మట్టి కూడా చేతిలోకి తీసుకుంటే ఇసుకలా పొడిపొడిగా రాలుతుంది, ఎందుకంటే ఆక్సైడ్లు ఆ మెత్తటి రేణువుల్ని చిన్న చిన్న గుళికలుగా అతికించేస్తాయి. తడిపి కాసేపు గట్టిగా పిసికితే అప్పుడు బయటపడుతుంది అసలు జిగురు. ఆ గుళికల వల్లే ఎంత వానైనా ఇట్టే ఇంకిపోతుంది. బుల్డోజర్ ఎక్కి తొక్కితే మాత్రం ఈ గుణం పోతుంది.

మరి అంత అడవి ఎలా బతుకుతోంది? రాలిన ఆకు కుళ్లీ కుళ్లకముందే వేళ్లూ శిలీంధ్రాలూ పోషకాల్ని లాగేసుకుంటాయి, రెక్కాడితే గానీ డొక్కాడని సంసారంలాగా. వెనెజులాలోని శాన్ కార్లోస్ డి రియో నీగ్రో దగ్గర 1970లలో నేల పైనున్న వేళ్ల అల్లిక మీద రేడియోధార్మిక కాల్షియం, భాస్వరం చల్లి చూస్తే, కిందికి దిగింది 0.1 శాతమే.

కానీ ఇది కథలో ఒక ముక్క మాత్రమే. అదే అమెజాన్‌లో పడమటికి, ఆండీస్ కొండల వైపు వెళ్తే మట్టి వయసు తక్కువ, భాస్వరం ఎక్కువ. చెట్లు త్వరగా పెరిగి త్వరగా పోతాయి. ఆండీస్ నుంచి వచ్చే నదులు వరదల్లో ఒండ్రు వేసి పోతాయి, రియో నీగ్రో లాంటి నల్లనీటి నదులు దాదాపు ఏమీ వేయవు. జావాలో అగ్నిపర్వతాల బూడిద నుంచి పుట్టిన నేల ఎంత సారవంతమంటే, అక్కడి అడవిలో అత్యధిక భాగం ఎప్పుడో పొలాలైపోయింది. బోర్నియోలో కొన్నిచోట్ల ఒట్టి తెల్ల ఇసుక, దాని మీద సన్నటి పొట్టి చెట్లు. ఇక కాంగో మధ్యలో చాలాచోట్ల ఉన్నది మామూలు మట్టే కాదు, పీట్, అంటే నీటిలో నాని పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న మొక్కల పదార్థం: 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం 1,45,500 చదరపు కిలోమీటర్లు, సుమారు 3,000 కోట్ల టన్నుల కార్బన్.

ఇప్పుడు అసలు పేచీ. "అడవి నరికితే నేల ఇటుకలా గట్టిపడి ఏమీ పండదు" అని భయపెట్టడం మనకు అలవాటు. ఇనుము పేరుకున్న ప్రత్యేకమైన పొర పైకి తేలినచోట మాత్రమే అలా గట్టిపడుతుంది, అన్నిచోట్లా కాదు. అడవి కాల్చిన బూడిదతో రెండు మూడేళ్లు పండి ఆగిపోవడం నిజమే, కానీ ఎరువు కొనగలిగే కంపెనీకి అది అడ్డంకే కాదు. బ్రెజిల్‌లోని సెరాడో వర్షారణ్యం కాదు, గడ్డి మైదానం. నేల మాత్రం ఇదే రకం, ఆమ్లగుణంతో, అల్యూమినియం విషంతో ఉండేది. 1970ల నుంచి సున్నం, ఫాస్ఫేట్ వేసి అక్కడ సోయా పండించి చూపించారు. పండదు కాబట్టి వదిలేయండి అనే వాదన సున్నం లారీ రాగానే కూలిపోతుంది. అడవి ఎందుకు ఉండాలంటే వాన, కార్బన్, జీవజాతులు, అక్కడ బతికే మనుషులు అని సూటిగా చెప్పుకోవాలి, మట్టి వెనక దాక్కోకూడదు.

అలాగని మట్టిని పట్టించుకోకుండా దిగితే ఏమవుతుందో ఇండోనేషియా చూసింది. 1990ల మధ్యలో సుహార్తో ప్రభుత్వం బోర్నియో దీవిలో మధ్య కాలిమంతన్‌లోని సుమారు 10 లక్షల హెక్టార్ల చిత్తడి ప్రాంతంలో వరి పండిస్తామని, వేల కిలోమీటర్ల కాలువలు తవ్వింది. పీట్‌లో నీరు దిగిపోయింది. వరి పండలేదు. 1997 కరువులో ఆ ఎండిన నేలే నెలల తరబడి కాలింది, పొగ పక్క దేశాల దాకా పోయింది.