నడిపివాడి మహాత్మ్యం

కొత్త కంప్యూటర్ల గురించి మాట్లాడేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. పాత కంప్యూటర్లను తలుచుకుని కళ్లు తుడుచుకునేవాళ్లూ ఉన్నారు. ఈ రెంటి మధ్యా పుట్టి, ఎవరి లెక్కలోకీ రాక, మంచం కింద దుమ్ము కొట్టుకుపోతున్న నడిపి కంప్యూటర్‌ను పట్టించుకునే నాథుడే లేడు. ఆ అన్యాయాన్ని సరిదిద్దుదామనే కలం పట్టాను. (కలమంటే కీబోర్డే. అలవాటు కొద్దీ అన్నాను.)

మా ఇంట్లో కంప్యూటర్లు ముగ్గురన్నదమ్ములు. పెద్దవాడు విండోస్ 98. తెనాలిలో మా బాబాయి డీటీపీ సెంటర్ నడిపిన రోజుల్లో ఊళ్లో పెళ్లిపత్రికలూ, దశదినకర్మ కార్డులూ వాడి చేతి మీదుగానే వెళ్లాయి. నడిపివాడు పెంటియమ్ 4, విండోస్ ఎక్స్‌పీ. చిన్నవాడు నా ల్యాప్‌టాప్. వేలెడు మందం, ఒంటి మీద రెండు కన్నాలు. పెద్దవాడికీ చిన్నవాడికీ మాటల్లేవు.

మా తాతగారు రాసిన శతకంతో గొడవ మొదలైంది. నూట ఎనిమిది పద్యాలు. 1999లో బాబాయి వాటిని పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో కూర్చి, ఒక్కోదాంట్లో ఒకటిన్నర ఎంబీ కూడా పట్టని ఫ్లాపీ డిస్కుల్లో దాచాడు. అప్పట్లో అచ్చుకు డబ్బుల్లేక ఆగిపోయింది. ఇప్పుడు డబ్బులున్నాయి, పద్యాలే బయటికి రావడం లేదు.

ఆ సాఫ్ట్‌వేర్ ఏదో చిన్నవాడికే ఎక్కించేస్తే పోలా అనుకున్నాను. ఆ కాలపు ఇన్‌స్టాలర్లలో చాలావాటిది 16 బిట్ల భాష. 64 బిట్ల విండోస్ ఆ భాషను బొత్తిగా మరిచిపోయింది. సరే, వేగమైనా అక్కరకొస్తుందా అంటే అదీ దోషమే. నమ్మకపోతే టర్బో పాస్కల్ అనే పాతకాలపు ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ కథ వినండి. అందులో రాసిన ప్రోగ్రాములు చాలావరకు మొదలవగానే 55 మిల్లీసెకన్లలో ఈ కంప్యూటర్ ఎన్ని చుట్లు తిరగగలదో లెక్కపెట్టి, దాన్ని 55తో భాగించేవి. పెంటియమ్‌లు 200 మెగాహెర్ట్జ్ దాటేసరికి ఆ లెక్క 16 బిట్లలో పట్టక, సున్నాతో భాగించావంటూ 'ఎర్రర్ 200' చూపించి ప్రోగ్రాము చచ్చిపోయేది. పాపం, సున్నాతో ఎవరూ భాగించలేదు. కంప్యూటర్ తొందరపడింది, అంతే. అంతకు ముందు తరం పెట్టెలకు ఇలాంటి అవసరానికే 'టర్బో' అని ఒక బటన్ ఉండేది. పేరు టర్బో, పని వేగం తగ్గించడం. నెమ్మదించడానికి డబ్బులు పెట్టి బటన్ బిగించుకున్న పెద్దమనుషుల కాలం అది!

ఇక పెద్దవాడి దగ్గరికే వెళ్లి, శతకాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీద్దామనుకున్నాను. విండోస్ 98కి పెన్‌డ్రైవ్ కనబడాలంటే దానికో డ్రైవర్ ఎక్కించాలి. వాడి సీడీ డ్రైవ్ ఏనాడో కన్నుమూసింది. నా దగ్గరున్న డ్రైవర్ ఫైలేమో పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

అప్పుడు గుర్తొచ్చాడు నడిపివాడు. ఫ్లాపీ డ్రైవ్ ఉంది. వెనక ఇరవై అయిదు కన్నాల ప్రింటర్ పోర్టు ఉంది. యూఎస్‌బీ ఉంది. అన్న మాటా తెలుసు, తమ్ముడి మాటా తెలుసు. స్విచ్ వేయగానే, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ చచ్చిపోవడంతో, ఇవాళ 2002 జనవరి 1 అని ప్రకటించి ఎఫ్1 నొక్కమన్నాడు. వాడి లెక్క ప్రకారం బాబాయికి ఇంకా జుట్టు నల్లగానే ఉంది.

శతకం మొత్తం ఆరు ఫ్లాపీలు. పద్యాలొక్కటే అయితే ఒక ఫ్లాపీలో మూలకైనా చాలవు. కానీ బాబాయి ప్రతి పేజీ అంచునా లతలు పాకించి, అట్ట మీద వెంకటేశ్వరస్వామిని నిలబెట్టాడు. దాంతో ఎనిమిది ఎంబీ దాటి, ఫైలును జిప్ చేసి ముక్కలుగా కోయాల్సి వచ్చింది. ఇందులో ఒక్క ముక్క చెడినా అన్నీ పోయినట్టే. అయిదోదానికి బూజు పట్టింది. కోస్తా తేమకు ఆ మాత్రం బూజు మామూలే. పందొమ్మిదోసారి 'రీట్రై' నొక్కేటప్పటికి నా నోటి నుంచి వచ్చినవి తాతగారి పద్యాలైతే కావు.

ఎట్టకేలకు ఫైలు తెరుచుకుంది. తెలుగు ఫాంట్ల ప్యాకేజీ అప్పట్లో డాంగిల్ అనే తాళంతో వచ్చింది. ప్రింటర్ పోర్టుకు తగిలిస్తేనే తెలుగు, తీస్తే లేదు. 98 అయితే ప్రోగ్రాములు పోర్టును నేరుగా ముట్టుకోవచ్చు. ఎక్స్‌పీ మడి కట్టుకుంటుంది, మధ్యలో డ్రైవర్ ఉండాలి. అదీ దొరికింది. తాతగారి మొదటి పద్యం తెర మీద కనబడగానే బాబాయికి ఫోన్ చేశాను.

"ఒరే, అది పనిచేస్తోంది కదా. ఇంక దాన్ని కదపకు," అన్నాడు.

కదిపాను. నెట్‌వర్క్ తీగ కలిపితే, ఫైళ్లు పంచుకోవడానికి ఎక్స్‌పీ మాట్లాడే ఎస్ఎంబీ అనే భాష పాతరకం, భద్రమైంది కాదని చిన్నవాడు ముఖం తిప్పుకున్నాడు. కొత్త పెన్‌డ్రైవ్ పెడితే అందులో ఫైళ్లు సర్దే పద్ధతి ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్తరకం. నడిపివాడికి అంతు చిక్కలేదు. చివరికి తాళంచెవుల గుత్తికి వేలాడుతున్న రెండు జీబీల పాత పెన్‌డ్రైవ్ ఆదుకుంది. చూశారా, నడిపివాళ్లు అన్నిచోట్లా ఉన్నారు.

చిన్నవాడిలో ఆ పద్యాలు తెరిస్తే తలకిందుల ప్రశ్నార్థకాలూ, యూరో గుర్తులూ, నెత్తి మీద చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలూ. అన్ని భాషల అక్షరాలకూ తలా ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. కానీ ఆనాటి మన ఫాంట్లు తెలుగు తలకట్లనూ వత్తులనూ ముక్కలు చేసి ఇంగ్లీషు అక్షరాల ఇళ్లలో అద్దెకు దించాయి. ఫాంట్ తీసేస్తే మిగిలేది ఇంటి యజమానులే. కన్వర్టర్‌లో వేస్తే తెలుగైతే వచ్చింది గానీ, వత్తులు పక్కింటి అక్షరాలకు తగులుకున్నాయి, గుడులు కొన్ని ఎగిరిపోయాయి. మత్తేభాలు కుంటుతున్నాయి. యతి ఎక్కడుందో తాతగారే వచ్చి చెప్పాలి.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. మండలానికొక ఎక్స్‌పీ కంప్యూటర్‌ను, దాని పక్కన ఎఫ్1 నొక్కడం తెలిసిన ఒక ఉద్యోగినీ తక్షణం నియమించాలి. 2014లోనే ఎక్స్‌పీకి సపోర్టు ఆగిపోయిందని అభ్యంతరం చెప్పేవాళ్లు, దాన్ని రిటైర్మెంటుగా భావించి పింఛనైనా ఇవ్వాలి.

ఫైల్ ట్రాన్స్‌ఫర్ చివరికి ఎలా జరిగిందంటే, నడిపివాడికి ప్రింటర్ తగిలించి ఇరవై ఏడు పేజీలూ ప్రింటు తీశాను. ఒక్కో పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి బాబాయికి వాట్సాప్ చేశాను.

"అద్భుతంగా ఉందిరా," అన్నాడు. "ఎందుకైనా మంచిది, ఈ ఫొటోలన్నీ ఫ్లాపీల్లో వేసి ఉంచు."

ఒక్కో ఫొటో నాలుగు ఎంబీ. ఫొటోకు మూడు ఫ్లాపీల చొప్పున ఎనభై ఒకటి కావాలి. సోనీ వాళ్లు 2011లోనే జపాన్‌లో ఫ్లాపీల అమ్మకం ఆపేశారని చెప్పాను.

"జపాన్ సంగతి మనకెందుకురా," అన్నాడు బాబాయి. "తెనాలిలో అడుగుదాం."